ఆమేన్‌కి ముందు ఆగిన వల

పరిశుద్ధాత్మకీ విజయ్ పాల్ గారికీ ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా అభిప్రాయభేదం రాలేదు. సంఘ పెద్ద కనుక ఆయన ఏ పనైనా ఆత్మ నడిపింపుతోనే చేసేవారు. ఆ నడిపింపు ఎప్పుడు చూసినా ఆయన వెళ్లదలచుకున్న వైపే ఉండేది. మందిరంలో ఫ్యాను కింది కుర్చీ చూపించింది ఆత్మే. ఎండాకాలంలో బావమరిది ఇంటి శంకుస్థాపనకి వెళ్లొద్దని హెచ్చరించిందీ ఆత్మే. "మీ ఇద్దరి మధ్యా నేనెందుకు లెండి," అని భార్య సత్యకుమారి ఊరుకునేది.

భీమవరానికి ఆరు కిలోమీటర్లలో ఆయనకో రొయ్యల చెరువుంది. గట్టుకవతల చెరువు నాగదుర్గది. భర్త పోయాక ఒక్కతే కౌలుకి చేసుకుంటోంది.

అమావాస్య రెండు రోజులుందనగా విజయ్ పాల్ గారు రొయ్యల పట్టుబడి పెట్టుకున్నారు. అమావాస్యకి రొయ్య పెంకు విడిచి మెత్తబడుతుంది. మెత్త రొయ్యకేసి కొనేవాడు కన్నెత్తి చూడడు. అందుకే వల లాగే బుల్లబ్బాయి ముఠానీ, ఐసు వ్యానునీ వారం ముందే మాట్లాడి ఉంచారు.

వల దించే ముందు ప్రార్థన చేయడం ఆయన ఆనవాయితీ. బుల్లబ్బాయి ఏటా మరిడమ్మ జాతరకి వెళ్లే మనిషే అయినా ఆ ప్రార్థన అతనికి కంఠతా వచ్చు. 'దేశాన్ని ఏలేవారి' దగ్గర బీడీ పారేసేవాడు. 'పొరుగువారి చెరువుల' దగ్గర లుంగీ ఎగ్గట్టేవాడు. ఆ తర్వాత ఇక ఆమేనే.

ఆ ఉదయం విజయ్ పాల్ గారు కళ్లు మూసుకుని, "మా పొరుగువారి చెరువులను కూడా కాపాడు తండ్రీ," అంటుండగా పొరుగువారు పరిగెత్తుకుంటూ వచ్చారు.

"అన్నయ్యగారూ! రాత్రి కరెంటు పోయిందండి, జనరేటరూ ఆగిపోయింది. నీళ్లకి గాలి కొట్టే చక్రాలు తిరగలేదు. రొయ్యలన్నీ నీరసించి గట్టెమ్మట చేరిపోయాయండి. ఇప్పుడు పట్టకపోతే మధ్యాహ్నానికి చచ్చి తేలతాయి. ముఠానీ, ఐసునీ నాకిప్పించండి!" అంది నాగదుర్గ.

"వేరే ముఠా లేదా అమ్మా?"

"అందరూ ఆకివీడు వెళ్లిపోయారండి."

విజయ్ పాల్ గారు మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఆమేన్ అనలేదు గనుక, నిబంధనల ప్రకారం ప్రార్థన ఇంకా నడుస్తున్నట్టే. అమావాస్య సంగతి విన్నవించుకున్నారు. ముందు మాట్లాడుకున్నది తానేనని మనవి చేశారు. ఎప్పటిలా వెంటనే ఆమోదం వస్తుందని ఎదురు చూశారు. రాలేదు. సగం ఐసు ఇద్దామా అని బేరం పెట్టారు. దానికీ జవాబు లేదు. ఇప్పుడే తన నోటితో అన్న 'పొరుగువారి చెరువుల' మాట ఆమేన్‌కి అడ్డంపడి కూర్చుంది.

"ఆమేన్ అనండి సార్, ఐసు కరిగిపోతోంది," అన్నాడు బుల్లబ్బాయి.

"వల ఆవిడ చెరువులో దించు."

"మరి మనదండీ?"

"చెప్పింది చెయ్యవయ్యా బాబూ! ఇంకోసారి అడిగావంటే మనసు మార్చుకుంటాను."

ఇచ్చిన మరుక్షణం హృదయంలో ఆనందం పొంగుతుందని ఆయనే సంఘంలో చాలాసార్లు సెలవిచ్చి ఉన్నారు. పొద్దున్న పది దాటినా ఏమీ పొంగలేదు. ఖాళీగా ఉంటే కాళ్లు తన చెరువు వైపు వెళ్లిపోతాయేమోనన్న భయంతో సుత్తి పుచ్చుకుని, అవసరానికి మించిన కోపంతో ఐసు దిమ్మలు పగలగొట్టారు. టిఫిను క్యారేజీతో వచ్చిన సత్యకుమారి ఆ చెరువునీ, ఈ చెరువునీ, మొగుడినీ మార్చి మార్చి చూసి, ఇడ్లీ తుంచి ఆయన నోట్లో పెట్టింది. ఆయన చేతులకి తీరిక లేదు మరి.

పన్నెండుకి ఆఖరి ట్రే వ్యానెక్కింది. నాగదుర్గ సరుకంతా దక్కింది. ఐసు అయిపోయింది, ముఠాకి మర్నాడూ ఆ మర్నాడూ వేరే చెరువుల పని.

అమావాస్య వచ్చింది. కొనే మనిషి విజయ్ పాల్ గారి రొయ్యనొకదాన్ని వేళ్లతో నొక్కి, తల అడ్డంగా ఊపి, బండెక్కి వెళ్లిపోయాడు. పెంకు గట్టిపడేదాకా మళ్లీ మేత చల్లుకోవాల్సిందే. మర్నాడు పొద్దున్నే నాగదుర్గ మేత బకెట్టు పట్టుకుని ఆయన గట్టు మీదికి వచ్చింది.

"అన్నయ్యగారూ, నిజం చెప్పండి. బాధగా లేదా?"

"ఎందుకు లేదమ్మా? బోలెడుంది." గుప్పెడు మేత నీళ్లలోకి విసిరారు. "దాన్నయినా ఓర్చుకోవచ్చు. ఇలాంటి పని మళ్లీ చేయాలని కూడా అనిపిస్తోంది. భయమంతా దాని గురించే."