మూడు క్లిప్పుల్లో బాపు పెదవులు

మా ఇంట్లో బాపును వెనకనుంచి ఎవరూ పిలవరు. ముందుకు వెళ్ళి నిలబడతాం, లేకపోతే భుజం తడతాం. సూరత్‌లో, గోడాదరాలో మా గల్లీలో మరమగ్గాల మీద పనిచేసే నాన్నలందరితోనూ ఇదే పద్ధతి. లోకంలో అన్ని ఇళ్ళలోనూ ఇంతేననుకుంటూ పెరిగాను. కాలేజీలో చేరాక ఒకసారి నా స్నేహితురాలింటికి వెళ్ళాను. అది వంటింట్లోంచి "పప్పా" అని కేకేసింది. ముందు గదిలో పేపరు చదువుతున్న ఆయన తల తిప్పకుండానే పలికాడు. నాకదేదో గారడీలా తోచింది.

ఆ స్నేహితురాలి పాట కోసమే ఇదంతా మొదలైంది. డిగ్రీ చివరి సంవత్సరంలో ప్రాజెక్టుగా ఒక మ్యూజిక్ వీడియో తీయాలి. పాట దానిది, పాడేదీ అదే. కెమెరా నా ఫోను, దర్శకత్వం నా నోరు. దానికేమో సముద్రం ఒడ్డున తెల్ల గౌను వేసుకుని, చున్నీ ఎగరేస్తూ నడవాలని ఉంది. సూరత్‌లో ఫోనున్న ప్రతి పిల్లా అదే తీస్తోందని, ఆ చున్నీ అంటేనే నాకు విసుగని ముఖం మీదే చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి, సరే, నీ మనసులో ఏముందో చెప్పి చావు అంది.

నా మనసులో బాపు పనిచేసే ఖాతా ఉంది. మరమగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. మరమగ్గాన్ని, తెలుగు ఊళ్ళనుంచి పని కోసం ఇక్కడికి వచ్చిన మావాళ్ళు సాంచా అంటారు. వారానికోసారి కరెంటు సెలవు రోజున భేస్తాన్ వైపున్న ఆ ఖాతా మొత్తం ఖాళీగా ఉంటుంది. తాళంచెవి బాపు దగ్గరే ఉంటుంది, సేఠ్‌కు ఆయనంటే అంత నమ్మకం. అద్దె అక్కర్లేదు, లైట్లు అక్కర్లేదు. పైకప్పు రేకుల మధ్య వేసిన ప్లాస్టిక్ షీటులోంచి పొద్దున పదకొండింటికి వెలుగు నిలువుగా దిగుతుంది. ఆ వెలుగును ముఖం మీదికి తిప్పడానికి ఒక థర్మోకోల్ అట్ట చాలు. కెమెరా కదలడానికి తాకాలు, అంటే బట్ట చుట్టలు, మోసే నాలుగు చక్రాల బండి ఉండనే ఉంది. చీరల డబ్బా అట్ట చింపి దాని వెనక షాట్లన్నీ వరసగా రాసుకున్నాను. చేతిలో ఏమీ లేనివాళ్ళకే బుర్ర బాగా పనిచేస్తుందని నాకు నేనే మురిసిపోయాను.

చోటు చూసుకోవడానికి ఒక సెలవు రోజు వెళ్ళాం. స్నేహితురాలు పర్వత్ పాటియా నుంచి ఆటోలో వచ్చింది. బాపు షట్టరు ఎత్తాడు. చిన్నప్పుడు బాపుకు అన్నం డబ్బా ఇవ్వడానికి చాలాసార్లు వచ్చాను కానీ, ఎప్పుడూ నడిచే సాంచాల మధ్యకే వచ్చాను. ఆగిన ఖాతాను చూడటం అదే మొదటిసారి. రెండు వరసల సాంచాలు, ఒక్కొక్కదాని మీద సగం నేసిన బట్ట, మనుషులందరూ ఇప్పుడే ఎవరో పిలిస్తే లేచి వెళ్ళినట్టు. పైన దూలాల మీద పావురాలు. వాటి గోళ్ళు ఇనుము మీద గీసుకున్నా వినపడుతోంది. చెవులు పగిలే చప్పుడులో ఏనాడూ వేయని భయం ఆ నిశ్శబ్దంలో వేసింది. స్నేహితురాలు మాత్రం చాలా బాగుంది, చాలా బాగుంది అంటోంది, అదీ గుసగుసగా. ఎందుకు గుసగుసలాడుతున్నావని అడిగితే తెలీదంది.

ఫ్రేము సరిచూసుకోవాలంటే అక్కడ ఎవరో ఒకరు నిలబడాలి. బాపును తన సాంచా దగ్గర నిలబెట్టి, ఊరికే నిలబడు, ఏం చెయ్యొద్దు అన్నాను. వెలుగు మారుతున్నకొద్దీ మూడు క్లిప్పులు తీశాను. ఒక్కోటి అర నిమిషం కూడా ఉండదు.

సాయంత్రం స్నేహితురాలు వాటి కింద తన పాట పెట్టి చూసుకుని నాకు ఫోన్ చేసింది. "అంకల్ కిస్ సే బాత్ కర్ రహే థే?" అంది. ఎవరితో మాట్లాడటం ఏంటి, అక్కడ మనం తప్ప ఎవరున్నారు అన్నాను. బొమ్మ పెద్దది చేసి చూడమంది.

చూశాను. బాపు ఎదుటి వరసలో ఉన్న సాంచా వైపు చూస్తున్నాడు. అక్కడెవరూ లేరు. బాపు పెదవులు కదులుతున్నాయి. నోరు వెడల్పుగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మళ్ళీ తెరుచుకుంటోంది. ఫోనులో పావురాల రెక్కల చప్పుడు ఉంది, నేను దగ్గిన దగ్గు ఉంది, బాపు గొంతు లేదు. రెండో క్లిప్పులోనూ అంతే, మూడోదాంట్లోనూ అంతే. మూడూ ఒకదాని తర్వాత ఒకటి వేసి చూస్తే, పెదవులు అవే మాటలను అదే తీరుగా పలుకుతున్నాయి. లేచి గదిలో లైటు వేశాను.

అవి మాటలేనని ఎలా తెలుసంటే, నడిచే ఖాతాలో మావాళ్ళు మాట్లాడేది అలాగే. ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు కాబట్టి ఎవరూ అరవరు. గొంతు కలపకుండా నోరు పెద్దగా కదుపుతారు, ఎదుటివాళ్ళు పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. ఏళ్ళ తరబడి రోజుకు పన్నెండు గంటలు అలా మాట్లాడాక నోటికి అదే అలవాటైపోతుంది. నాకు ఆ భాష సరిగ్గా రాదు. "అన్నా" అన్నదొక్కటే పోల్చుకున్నాను.

స్నేహితురాలు ఎగిరి గంతేసింది. వీడియో ఈ షాటుతోనే మొదలవ్వాలి, అంకల్ పెదవులకు సరిపోయేలా పాటలో మొదటి వరుస మార్చి రాస్తానంది. దానికి ఆయన ఏమంటున్నాడో తెలియాలి. నేనూ సరేనన్నాను. మంచి షాటు దొరికిందన్న ఆశ ముందు నా భయం ఎంతసేపు నిలుస్తుంది.

నేను పుట్టేదాకా అమ్మ అదే ఖాతాలో కండెలు చుట్టింది. పెదవుల మాట ఆమెకు పూర్తిగా వచ్చు. చీరకు రాళ్ళు అంటిస్తూ కూర్చున్న అమ్మ ముందు ఫోను పెట్టాను. ఒక్కసారి చూసి, ఎవరో చెప్పింది తిరిగి చెబుతున్నట్టు చదివేసింది.

"అన్నా, బయటికి రా. స్విచ్చి బందు చెయ్యలే."

అన్నాక ఆమె చెయ్యి ఆగిపోయింది. ఫోను తీసి బోర్లా పెట్టింది.

మా పెద్దబాపు, అంటే బాపు సొంత అన్న, ఆ ఎదుటి సాంచా దగ్గరే పోయాడు. నాకప్పుడు నాలుగేళ్ళు. కరెంటు పోయి సాంచాలన్నీ ఆగాయి. మోటారు స్విచ్చి కట్టేయడం మరిచిపోయి, పట్టాకు, అంటే మోటారు బెల్టుకు, చిక్కుకున్న పోగులు తీయడానికి పెద్దబాపు లోపలికి వంగాడు. అంతలో కరెంటు వచ్చింది. మెడలో తువ్వాలు తిరిగే పట్టాకు చుట్టుకుంది. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇది. ఆ సమయానికి బాపు బయట చాయ్ తాగుతున్నాడన్నది కూడా అందరికీ తెలిసిన సంగతే. పెద్దమ్మకూ, అమ్మకూ బాపు చెప్పింది అదే.

అమ్మ వద్దంటున్నా నేను ఆగలేదు. ఆగే గుణం నాకు పుట్టుకతోనే లేదు. బాపు డ్యూటీ దిగి స్నానం చేసి వచ్చి కూర్చోగానే ఎదురుగా కూర్చుని క్లిప్పు చూపించాను. తానేమీ అనలేదని మొదట వాదించాడు. అది అబద్ధం కాదు, ఆయనకు నిజంగానే తెలియదు. మూడూ చూశాక చెయ్యెత్తి తన నోరు తడుముకున్నాడు, అది వేరే ఎవరిదో అయినట్టు. ఆ తర్వాత చెప్పాడు. చాయ్‌కి పోలేదు. తన సాంచా దగ్గరే ఉన్నాడు. ఎదుటి మోటారు స్విచ్చి వేసే ఉండటం చూశాడు, పిలిచాడు. అన్న వీపు ఇటువైపు ఉంది.

"నోరు కదిపిన బిడ్డా, గొంతు రాలే. సాంచాలన్ని ఆగున్నయ్. పావురం మెదిలినా ఇనపడుతున్నది. గప్పుడు గూడ అలవాటుకు నోరే కదిపిన. ఒక్క కేకేస్తే మా అన్న ఉంటుండె."

పెద్దమ్మకు చెప్పొద్దని మాత్రం అడిగాడు. నాకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఆ మాటను ఒక్కడే లోపల దాచుకున్నందుకు, ఆగిన సాంచాల ముందు నిలబడ్డప్పుడల్లా ఆయనకే తెలియకుండా అది బయటికి వస్తున్నందుకు, దాని మీద నేను పాట పెట్టబోయినందుకు. ఆ షాటు వాడటం లేదని స్నేహితురాలికి చెప్పాను. కారణం చెప్పాక అది తన ఫోనులోంచి ఆ క్లిప్పులు తీసేసింది. వీడియో తర్వాత సముద్రం ఒడ్డున తీశాం, తెల్ల గౌనుతోనే. చున్నీ గురించి నేనూ నోరెత్తలేదు.

కానీ అంతకుముందు ఇంకొకటి జరిగింది. మర్నాడు పొద్దున బాపు తల దువ్వుకుంటుంటే అమ్మ వెనకనుంచి భుజం తట్టి డబ్బా అందించింది. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం చూపు అక్కడే ఆగిపోయింది. బాపు వెళ్ళాక అడిగాను, పెద్దబాపును కూడా ఇలాగే భుజం తట్టి పిలిచేవారా అని. ఇలాగే, బాపు కంటే ఎంతో ముందు సాంచా ఎక్కాడు కదా అంది అమ్మ.

తర్వాతి సెలవు రోజుకు షూటింగ్ పెట్టాను. అట్టముక్క మీద షాట్లన్నీ కొట్టేసి ఒక్కటే ఉంచాను. స్నేహితురాలిని బయట మెట్ల మీద కూర్చోబెట్టాను. బాపును ఎదుటి వరసకు వెళ్ళి, పెద్దబాపు సాంచా దగ్గర అటు తిరిగి నిలబడమన్నాను. ఫ్రేము కోసమని చెప్పాను. మోసమే. ఇన్నేళ్ళలో ఆయన ఆ సాంచాను తాకలేదు. నా ముఖం కాసేపు చూసి, వెళ్ళి నిలబడ్డాడు. పట్టా దగ్గర దూది పేరుకుని ఉంటే వంగి వేలితో తీయడం మొదలుపెట్టాడు. పెద్దబాపు వంగిందీ అలాగే. గోడ మీది మెయిన్ స్విచ్చి కట్టేసే ఉందని తెలిసి కూడా మళ్ళీ వెళ్ళి చూసి వచ్చాను.

ఇద్దరం కనపడేలా ఫోనును పక్కనుంచి తాకాల బండి మీద నిలబెట్టి రికార్డు నొక్కాను. బాపు రోజూ నిలబడే చోట నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచాను.

"బాపూ, బయటికి రా."

పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. మెట్ల మీదనుంచి స్నేహితురాలు పరిగెత్తుకొచ్చింది. బాపు వంగి దూది తీస్తూనే ఉన్నాడు. రెండోసారి అరిచాను. మూడోసారి అరిచేటప్పటికి ఏడుస్తున్నాను.

వెళ్ళి భుజం తట్టి క్లిప్పు చూపించాను. లేచిన పావురాలు, పరిగెత్తుకొస్తున్న పిల్ల, ఉబ్బిన నా మెడ నరాలు, కదలని తన వీపు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టాను.

"గట్టిగనే పిలిచినవా?"

నా గొంతు పోయింది. గట్టిగనే అని పెదవులతో చెప్పాను. ఆయనకు అర్థమైంది.

"అన్నకు గప్పటికే నాకన్న ఎక్కువ చెవుడుండె," అన్నాడు, ఫోను నా చేతికిస్తూ.

నడిచి తన చోటికి వెళ్ళాడు. ఎదుటి సాంచాకేసి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. పెదవులు కదిలాయి, ఈసారి వాటి వెనక బొంగురుగా గొంతు కూడా వచ్చింది. "అన్నా" అన్నాడు. పావురాలు లేచేంత గొంతు కూడా కాదు. అక్కడెవరూ లేరని ఇద్దరికీ తెలుసు. అయినా, ఎవరైనా ఇటు తిరుగుతారేమోనని కాసేపు అటే చూస్తూ నిలబడ్డాం.