రెండు చిన్న లైఫ్ జాకెట్లు

నా చిన్న కొడుక్కి లైఫ్ జాకెట్ ఇవ్వకుండా గోదారి దాటించారు. అయిదేళ్ళ పిల్లవాణ్ణి. చీకట్లో.

ముందు ఆ తప్పు గుర్తు పెట్టుకోండి. తక్కింది తరవాత. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఆ గోదారే నన్ను అడుగుతుంది. నేను బడికి వెళ్ళింది నాలుగేళ్ళే. తక్కిన చదువంతా కిరాణా పొట్లాల కాగితాల మీద చదువుకున్నదే. అయినా చూసింది చూసినట్టు చెప్పడం వచ్చు.

నాకు అరవై నాలుగు. పిల్లలు ఆలస్యంగా పుట్టారు. పెద్దాడికి తొమ్మిది, చిన్నాడికి అయిదు. మధ్యలో ఒకడు పుట్టి, పురుడు వెళ్ళకముందే పోయాడు. పేరు కూడా పెట్టలేదు. ఆ సంగతి పిల్లలకి తెలియదు.

ఆదివారం వస్తే ఇద్దర్నీ ఎక్కడికో ఒకచోటికి తిప్పుతాను. వెళ్ళిన చోటల్లా ఒకటే ప్రశ్న. "మనవలాండీ?" పాలకొల్లులో జీళ్ళు అమ్మేవాడు అడిగాడు. నిడదవోలు ప్లాట్‌ఫారం మీద ఎవరో ఆవిడ అడిగింది. జుట్టు తెల్లబడితే కొడుకులు ఉండకూడదా?

ఆ రోజు సముద్రం చూపించి సఖినేటిపల్లి రేవుకి వచ్చేసరికి మునిమాపు దాటింది. జనాన్నీ బళ్ళనీ దాటించే పంటు ఆగిపోయింది. అవతల నరసాపురం దీపాలు. ఒక ఇంజను పడవ ఉంటే అందరం దాంట్లోకే ఎగబడ్డాం. పడవ నడిపే సరంగు పెట్టెలోంచి జాకెట్లు తీసి ఒక్కొక్కరికీ కడుతున్నాడు. చిన్నాణ్ణి ఎత్తుకుని, బురదలో కాళ్ళీడ్చుకుంటూ నేను ఎక్కేసరికి, పెద్దాడు జాకెట్‌తో ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"వీడికేదయ్యా?" అన్నాను.

"చిన్నయి రెండే ఉన్నాయండి తాతగారూ. మీ మనవలు పెద్దోళ్ళిద్దరికీ కట్టేశాను. ఈ బుడ్డోణ్ణి ఒళ్ళో పెట్టుకోండి, ఏం పర్లేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. "మనవలేంటయ్యా? కొడుకులు! కళ్ళు నెత్తి మీదున్నాయా?"

"సర్లెండి, కొడుకులే. కూర్చోండి బాబూ, పడవ ఒరుగుద్ది."

పడవంతా నవ్వింది. చూశారా... 'మనవలు' అన్న మాట మీద పోట్లాడాను. 'పెద్దోళ్ళిద్దరికీ' అన్న మాట నాకు వినబడనే లేదు. నా కోపమే నా చెవులు మూసేసింది.

నడి గోదారిలో ఇంజను ఆగింది. ఇంజను రెక్కలకి గుర్రపుడెక్క చుట్టుకుందన్నాడు సరంగు. అందరూ మాటలు మానేశారు. పడవ అంచుని నీళ్ళు నాకుతున్న చప్పుడు... అందులో ఇంకో చప్పుడు.

టక్... టక్.

జాకెట్ బకిల్ పెట్టి తీస్తున్న చప్పుడు.

"ఆపరా పెద్దాడా! అది ఊడిందంటే వీపు పగులుద్ది."

"నేను కాదు నాన్నా."

"మరెవర్రా?"

వాడు రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. చుక్కల వెలుగులో... పది వేళ్ళూ కనబడ్డాయి.

టక్... టక్.

చిన్నాడు నా మెడ చుట్టూ చేతులేసి చెవిలో అన్నాడు. "నాన్నా... అన్నయ్యని జరగమను. వాడికి చోటు చాలట్లేదంట."

"ఎవడికిరా?"

పెద్దాడు... కొంచెం పక్కకి జరిగాడు. చప్పుడు ఆగిపోయింది.

నా జేబులో ఫోను ఉంది. దానికి టార్చి ఉంది. నేను వెయ్యలేదు.

డెక్క పీకేశాక ఇంజను మళ్ళీ అందుకుంది. రేవు వచ్చింది. సరంగు ముందు దూకి పెద్దాణ్ణి దించి, జాకెట్ విప్పాడు. మళ్ళీ పడవలోకి వంగాడు. ఖాళీ బల్ల మీదకి చేతులు చాచాడు... చంకల కింద పట్టినట్టు పట్టాడు... ఎత్తాడు. నేను బస్తాలు మోసినవాణ్ణి. బరువు పడితే మనిషి భుజాలు ఎలా బిగుస్తాయో నాకు తెలుసు. ఆ భుజాలు బిగిశాయి. మెల్లగా... బురద మీద ఆనించాడు.

"నిదానం బాబూ, జారుద్ది."

తరవాత చిన్నాడి కోసం చేతులు చాచాడు. నేను ఇవ్వలేదు. ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ అంతా వింది. ఒక్కటే అడిగింది. "టార్చి ఎందుకు వెయ్యలేదండీ?" ఇప్పటికీ అదే అడుగుతుంది.

అది ఏమిటో నాకు తెలియదు. సరంగు తాగి ఉన్నాడో, చీకటో, పిల్లల ఆటో... కోపం మాత్రం తెలుసు. పడవ యజమానికి రెండు ఉత్తరాలు రాశాను. బతికున్న పసివాడికి లేదన్న జాకెట్ ఖాళీ బల్లకి ఎలా కట్టారయ్యా అని నిలదీశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూడో ఉత్తరంలో నా ఫోను నంబరు వేశాను. మొన్న వాట్సాప్‌లో జవాబొచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అయ్యా, మీ చిన్నబాబుకి జాకెట్ ఇవ్వకపోవడం మాదే తప్పండి, మన్నించాలి. ఇకనుంచి చిన్నవి ఎక్కువ ఉంచుతామండి. కానీ ఆ రోజు ఇచ్చిన రెండిట్లో ఒకటే తిరిగొచ్చింది. మీ పెద్దబాబుది మావాడు విప్పి తీసుకున్నాడు. మీ మధ్యబాబు మాత్రం విప్పనివ్వలేదంటండి, దాంతోనే మీ వెనకాల వచ్చేశాడంట. మీ ఇంట్లోనే ఉంటుంది. ఓసారి చూడండి."