సైకిల్ షాపు పైన విశ్వవిద్యాలయం

పుస్తకాల బైండరు చేసింది చెప్పుకోదగ్గ పని కాదు. తనతో అక్షరాలు దిద్దించిన మనిషి మీదే సంతకం లేని ఫిర్యాదు రాసి పైకి పంపాడు.

ఆ మనిషి లిఫ్టు ఆపరేటరుగా రిటైరయ్యాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. సైకిల్ షాపు మీది ఒంటి గదికి 'విశ్వవిద్యాలయం' అని బోర్డు పెట్టుకుని, వైస్ చాన్సలర్‌నని చెప్పుకునేవాడు. అందరూ వీసీగారనేవారు. గది ఊడ్చేటప్పుడు మాత్రం ఆయన రిజిస్ట్రారు. విద్యార్థులంతా బడి మొహం చూడని పెద్దవాళ్లు. చెప్పులు కుట్టే ఆయన ఆలస్యంగా వస్తే, "సెనేటు మీటింగుకి ఇదా టైము?" అని కేకలేసేవాడు.

బైండరు తాను కుట్టే పుస్తకాలన్నీ చదివేసి లోకం మీద కోపం పెంచుకున్నాడు. ఒక ఉద్యోగానికి వెళ్తే, ఎక్కడ చదివావని అడిగారు.

"విశ్వవిద్యాలయంలో."

"ఏదీ?"

"సైకిల్ షాపు పైన."

టీ తెచ్చినవాడు కూడా నవ్వాడు. ఆ మంటతోనే చట్టం వెతికి, ఏ సంస్థ పడితే అది ఆ పేరు పెట్టుకోకూడదని ఎత్తిచూపుతూ ఫిర్యాదు రాశాడు.

అధికారి వచ్చిన రోజు బైండరు చివరి బెంచీలో తలదించుకు కూర్చున్నాడు.

"ఏ చట్టం కింద పెట్టారండీ?"

"చట్టం కింద కాదండీ, సైకిల్ షాపు పైన."

"పట్టాలిస్తున్నారా?"

"పట్టాలు రైలువాళ్ల దగ్గరుంటాయండీ. నేను లిఫ్టు మనిషిని."

"బోర్డు చెరపండి. లేదంటే గదికి తాళం పడుతుంది."

వీసీగారు 'విశ్వ' చెరిపాడు. విద్యాలయానికీ అనుమతి కావాలన్నాడు అధికారి. 'విద్యా' కూడా చెరిపాడు. 'లయం' మిగిలింది. మర్నాడే ఒకాయన సంగీతం నేర్పుతారా అంటూ మెట్లెక్కి వచ్చాడు.

క్లాసులోని ఇస్త్రీ చేసే పెద్దావిడ గొల్లుమంది. "ఇక ఇంట్లో ఏమని చెప్పి రానండీ? ఈ వయసులో అఆలు దిద్దుకోడానికంటే కోడలు నవ్వదూ? యూనివర్సిటీకంటే నోరు మూసుకునేది!"

"అందుకే కదమ్మా ఆ పేరు పెట్టింది! ఇకనుంచి సంగీతానికని చెప్పు. అప్పుడప్పుడూ ఓ కూనిరాగం తియ్యి, చాలు."

అందరూ నవ్వారు. బైండరుకి మాత్రం భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

వారం తర్వాత, ఒప్పేసుకుందామని ఒక్కడే వెళ్లాడు.

"వీసీగారూ, ఆ కాగితం..."

"ఆ అధికారి చూపించాడులే. నీ దస్తూరీ నాకు తెలీదట్రా? 'ద'కి ఒత్తు తగిలించి 'విధ్య' అని రాసేవాడివి, వద్దురా అని నెల్లాళ్లు మొత్తుకున్నాను. అందులో ఆ మాట తొమ్మిది చోట్లుంది, ఒక్కచోటా తప్పు రాయలేదు. అక్కడికక్కడే శభాష్ అందామనుకున్నాను. నీ పేరు బయటపడుతుందని ఊరుకున్నాను."