ఆ సీసాలో ఉప్పు పోసింది నేనే

ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకుంటాను. తప్పు దాని వెనకాలే వస్తుంది, ఆవు వెనక దూడలాగా.

జీవరసాయనంలో పీజీ చేసి, పరిశోధనలో చేరి, డీఎన్‌ఏ మీద గంటసేపు ఆగకుండా మాట్లాడగలిగిన నేను, ఒకరోజు ఉప్పంటే ఉప్పే కదా అనుకున్నాను. అంతే. పంతొమ్మిదేళ్లుగా మోస్తున్న బరువు ఆ ఒక్క ఆలోచనలో పుట్టింది. కూరలో వేసేటప్పుడు కూడా జనం ఉప్పు చూసి వేస్తారు. నేను చూడకుండా ఒక మనిషి బతుకులో పోశాను.

ఇప్పుడు అనకాపల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మేడ మీద ఒక గది, ఒక కుర్చీ. రెండో కుర్చీ కొనాలని చాలాసార్లు అనుకున్నాను. కూర్చునేదెవరు? బెల్లం రోజుల్లో కిటికీ తీస్తే ఊరంతా తియ్యటి వాసన. లోపల నేనూ, నా ఉప్పు కథా. మీరెవరో నాకు తెలీదు కనక మీకు చెప్పడం సులువుగా ఉంది. తెలిసినవాళ్లకి చెప్పలేనిది తెలియనివాళ్లకి చెప్పడం ధైర్యమా, పిరికితనంలో ఇంకో రకమా? రాస్తే తెలుస్తుందేమో.

సింహాచలం నాతో పాటు ఒకే బల్ల మీద పనిచేసినవాడు. రావికమతం దగ్గర పల్లెటూరు, చెరుకు రైతుల ఇల్లు. యూనివర్సిటీ ల్యాబులో చేరిన మొదటిరోజే నన్ను "బావా" అన్నాడు. వరస ఎలా కలిసిందో అడగలేదు. మా వైపు అది అడిగి తెలుసుకునేది కాదు.

వాడు పట్టుకున్నది చిన్న విషయం, కానీ అందమైనది. డీఎన్‌ఏ అంటే మెలితిరిగిన నిచ్చెన అని పిల్లలక్కూడా తెలుసు. రెండు పోగులు, కుడివైపు మెలిక. అయితే అది ఎప్పుడూ అంత బుద్ధిగా ఉండదు. కొన్నిచోట్ల ఎడమచేతివాటంగా తిరుగుతుంది. కొన్నిచోట్ల తన మీద తనే వెనక్కి మడతపడి జడపిన్నులా అవుతుంది. ఆర్ఎన్‌ఏ అయితే మరీను, ఒంటిపోగుది కనక దాని మడతలకు లెక్కే లేదు. వీటన్నిటిలో వింతైనది నాలుగు పోగుల ముడి. గ్వానిన్ అనే అక్షరం గుంపులు గుంపులుగా ఉన్నచోట, నాలుగు గ్వానిన్లు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని చదరంగా నిలబడతాయి. ఒక చదరం మీద ఇంకో చదరం. చిన్నప్పుడు మండువాలో నలుగురం నాలుగు స్తంభాలు పట్టుకుని, మధ్యలో దొంగని పెట్టుకుని ఆడేవాళ్లం చూడండి, అచ్చం అలాగ. ఇక్కడ ఆ మధ్యలో నిలబడేది పొటాషియం. ఈ ఆటలో మాత్రం దొంగ ఉంటేనే స్తంభాలు నిలుస్తాయి. పొటాషియం సరిగ్గా ఆ చోటుకి కొలిచి చేసినట్టు సరిపోతుంది. సోడియం చిన్నది, వదులు. గట్టి ముడులైతే సోడియంతోనూ ఎలాగో సర్దుకుంటాయి. బలహీనమైనవి విడిపోతాయి.

ఇలాంటి ముడులు క్రోమోజోముల చివర్లలో ఉంటాయి, కొన్ని జన్యువుల మొదట్లో తలుపుకి గడియలా ఉంటాయి. జన్యువు పలకాలా వద్దా అన్నదానిలో వాటికీ ఒక మాట ఉంటుంది. సింహాచలానికి దొరికింది చెరుకు జన్యువు ఒకదాని గుమ్మంలోని ముడి. రెండే చదరాలు, బలహీనం. జెల్ అనే మెత్తటి పలకలో కరెంటు పెట్టి పరిగెత్తిస్తే, ముడిపడిన పోగు అంతే పొడుగున్న మామూలు పోగు కంటే ముందు పోతుంది, చీర కుచ్చెళ్లు దోపుకున్న మనిషి జోరుగా నడిచినట్టు. వాడికి మూడుసార్లు అలా వచ్చింది. మా ఇద్దరి పరిశోధనా నడిపే గైడుగారు నలుగురు ప్రొఫెసర్లని పిలిచి, సోమవారం అందరి ముందూ చేసి చూపించమన్నారు.

ఆ ముందు శనివారం నాకు పీహెచ్ మీటరుతో పని పడింది. దాని గాజుకడ్డీలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం పోయాలి. పక్కనే సింహాచలం తన ముడి కోసం కలిపి పెట్టుకున్న అదే ద్రావణం సీసా, వాడి గుండ్రటి చేతిరాతతో చీటీ. తీసుకున్నాను. కడ్డీలో కొంచెం, బల్ల మీద బోలెడు. సీసా ఖాళీ.

ఇక్కడే మా అమ్మని తీసుకురావాలి. అమ్మ లెక్కలో మా ఇంట్లో ఉప్పు జాడీ ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. ఉప్పు అయిపోయిందనే మాట కూడా అనకూడదు, నిండుకుంది అనాలి. దీపం పెట్టే వేళకి జాడీ నిండాలి. ఆ భయం నా ఎముకల్లో ఉంది. ఖాళీ సీసా చూస్తే చెయ్యి ఊరుకోలేదు. స్టోరుకి తాళం వేశారు. మా బల్ల మీద ఉన్నది సోడియం క్లోరైడ్. తెల్లగానే ఉంది, ఉప్పగానే ఉంటుంది. అదే బలంతో కలిపి పోసి, సోమవారం స్టోరు తెరవగానే మార్చేద్దాం అనుకున్నాను. ఆదివారం గడిచింది. మరిచిపోయాను.

సోమవారం ముడి పడలేదు. రెండు పోగులూ పక్కపక్కనే, స్కూలు పిల్లల వరసలా, బుద్ధిగా పరిగెత్తాయి. మంగళవారం మళ్లీ చేశాడు. రాలేదు. సింహాచలం డీఎన్‌ఏని అనుమానించాడు, జెల్‌ని అనుమానించాడు. సీసాని మాత్రం నమ్మాడు, తన చేత్తో నింపుకున్నది కదా. అయినా ఒక్కసారి నన్ను అడిగాడు. సింకు దగ్గర, చేతులు కడుక్కుంటూ.

"ఒరే బావా, నా సీసా ఎవులైనా ముట్టుకున్నారేటి?"

"లేదు బావా."

"మరేటి? మొన్నటిదాకా వచ్చిన ముడి ఇప్పుడెక్కడికెల్పోయింది?"

"కరెంటు సరిగ్గా లేదేమో చూడు."

"కరెంటు బాగానే ఉంది. నా సెయ్యే బాగోలేదు. సెరుకు నరికిన సెయ్యి గదా, సన్నపని దానికి తెల్దు." నవ్వాడు. చెయ్యి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

ఆ "లేదు బావా" మూర్ఖత్వంతో అన్నదే. చెప్పకుండా వాడుకున్నానని సిగ్గు, అంతకుమించి ఏమీ లేదు. ఉప్పు మారితే ముడి విడిపోతుందని అప్పటికి నా బుర్రకి తట్టలేదు. గురువారం, నాలుగోసారి కూడా రాకపోయాక, లైబ్రరీలో కూర్చుని ఏదో చదువుతుంటే ఒక వాక్యం కనిపించింది, మధ్యలో సోడియం ఉంటే బలహీనమైనవి నిలవవని. పుస్తకం మూసేశాను. చెవుల్లో నా గొంతే వినిపించింది. లేదు బావా.

అప్పటికి ఇంకా చెప్పొచ్చు. చెప్పాలి. వచ్చే వారం నా సెమినారు. గైడుగారికి కోపమొస్తే నా పని అయిపోతుంది. అదొక్కటే కారణమా? ఆ ఏడాదంతా ల్యాబులో ఎవరొచ్చినా గైడుగారు ముందు సింహాచలం బల్ల వైపు చూపించేవారు. అది మా ఇద్దరి బల్ల. ఆయన వేలు మాత్రం ఎప్పుడూ వాడి వైపే. దీనికొక పేరుంది, రాయడానికి పెన్ను మొరాయిస్తోంది. రాస్తాను. అసూయ.

గైడుగారు వాడిని తిట్టలేదు. అందరి ముందూ నవ్వుతూ, "కొందరికి తిన్నగా ఉన్న దారంలో కూడా ముడి కనిపిస్తుంది" అన్నారు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వానా? నవ్వే ఉంటాను. నెల తిరక్కుండా సింహాచలం పెట్టె సర్దుకున్నాడు. వెళ్తూ తన సీసాలన్నీ సింకులో వంచేసి, కడిగి, బోర్లించి వెళ్లాడు. నా తప్పుకి సాక్ష్యం వాడి చేతులతోనే కడిగేశాడు.

రావికమతంలో ఎరువుల కొట్టు పెట్టాడు. చెరుక్కి వేసే పొటాష్ బస్తాలు అమ్ముతాడు. మీకు తెలుసో లేదో, పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే. ఆ సోమవారం చారెడు లేక వాడి చదువు ఆగిపోయింది. ఇప్పుడు కొట్టు నిండా అదే. ఇలాంటి హాస్యం నేను రాయగలిగినది కాదు.

ఇన్నేళ్లలో బస్టాండులో మూడునాలుగుసార్లు కనిపించాడు. ప్రతిసారీ "బావా" అంటాడు. ప్రతిసారీ, "మనకి రాదులే ఆ సన్నపని, నీ సెయ్యి మంచిది" అంటాడు. నేను బస్సు ఉన్నా లేకపోయినా బస్సు వచ్చేసిందంటాను. పెళ్లికి పిలిచాడు, వెళ్లలేదు. ఎవరితోనైనా దగ్గరైతే ఎక్కడో ఒకచోట ఈ మాట చెప్పాల్సి వస్తుందని, ఎవరితోనూ దగ్గర కాలేదు. ముడి గురించి ఇంత తెలిసినవాడికి ఏ ముడీ పడలేదు.

మొన్న మా కాలేజీలో చిన్న ల్యాబు తెరిచారు. ముఖ్య అతిథిగా ఎవరిని పిలుద్దామంటే, నేనే రిటైరైన మా గైడుగారి పేరు చెప్పాను. ఆయన ఉపన్యాసంలో దారం జోకు వేశారు. ఎక్కడికెళ్లినా వేస్తారట. పిల్లలు నవ్వారు. రిబ్బనుకి బదులు ఆయన చేత రెండు జెల్‌లు పెట్టించాను. ఒకటి పొటాషియంతో, ఒకటి సోడియంతో. రెండిట్లోనూ మళ్లీ తయారు చేయించిన సింహాచలం పోగు, పక్కన మామూలు పోగు. భోజనాలయ్యాక అతినీలలోహిత దీపం కింద చూపించాను. సోడియం పలకలో రెండూ సమానం. పొటాషియం పలకలో ఒకటి ముందుంది. ఆయన ముచ్చటపడిపోయి, ఫొటో తీయించి, దాని మీద "కళ్లారా చూశాను" అని రాసి సంతకం పెట్టారు.

"ఎవరయ్యా ఇది కనిపెట్టింది?" అన్నారు.

"సింహాచలం సార్. దారంలో ముడి చూసినవాడు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. "మరి ఆ రోజు రాలేదెందుకు?" అన్నారు మెల్లిగా.

పంతొమ్మిదేళ్లకి సరైన ప్రశ్న వచ్చింది. ఇంతలో ప్రిన్సిపాల్ శాలువా తెచ్చారు. నేను దాన్ని అందుకుని ఆయనకి కప్పాను. నోరు విప్పలేదు. చూశారా, అప్పుడు కూడా.

తర్వాతి ఆదివారం రావికమతం బస్సెక్కాను. కొట్లో సింహాచలం ఒక్కడే ఉన్నాడు. ఫొటో ఇచ్చాను. సంతకం కింద నేను రాసిన వాక్యం చదివాడు: ఆ శనివారం నీ సీసాలో సోడియం పోసింది నేను. మళ్లీ చదివాడు. తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు, ఆ రోజు సింకు దగ్గర చూసుకున్నట్టే. తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. లేచి, చింపిన బస్తాలోంచి ఎర్రటి పొటాష్ ఒక కవర్లో పోసి, మూతి ముడేసి నా చేతిలో పెట్టాడు.

"తీసుకెల్లండి మేస్టారూ. సీసా నింపుకోండి."

మేస్టారూ. అంతే. ఫొటో సొరుగులో పెట్టుకుని లోపలికెళ్లాడు. నేను కవరు పట్టుకుని వచ్చేశాను. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. తిరుగు బస్సులో నిజంగానే గొంతు ఎండిపోయింది.

క్షమించాడని నేననుకోవడం లేదు. అడగలేదు కూడా. కానీ ఆ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, పంతొమ్మిదేళ్ల బరువు మోకాళ్ల మీద అరకిలో తూగింది. అంత మోయగలను.

ఇక పగ సంగతి, గైడుగారి జోకు మీదా, నా మీదా. పెద్దదేం కాదు. సింహాచలానికి ఇవ్వకముందే ఫొటో కాపీలు రెండు తీయించాను. ఒకటి గైడుగారికి పోస్టు చేశాను, ఆయన అడిగినదానికి జవాబుతో సహా. దారం జోకు ఇక ఆయన వెయ్యలేరు. రెండోది పటం కట్టించి మా ల్యాబులో పొటాషియం సీసా పైన వేలాడదీశాను. పైన సింహాచలం పేరు, పెద్దక్షరాల్లో. దాని కింద ఆయన సంతకం. అట్టడుగున, ఆ రోజు ఉప్పు మార్చి నోరు మూసుకున్నవాడి పేరు. ఏటా కొత్త పిల్లలు వచ్చి చదువుతారు. చదివి, బోర్డు దగ్గరున్న నా వైపు చూస్తారు.

ఇక్కడ నా పేరు రాయలేదు. అక్కడ రాశాను.