చిలుకలు తినేసిన మొదటి పేజీ

తెలంగాణ ఉద్యమంతో బళ్లు మూతపడి పదీ పన్నెండేళ్ల పిల్లలంతా ఊళ్లోనే తిరుగుతున్నారు. వాళ్ల కోసం ఒక కథ రాసి ఆదివారం గ్రంథాలయంలో చదివి వినిపిస్తానని నోరు జారాను. పది రోజులైనా మొదటి పేజీ దాటలేదు. కుదురుగా కూర్చోలేక, ఈ రోజు పొద్దున్నే నోటుబుక్కు పట్టుకుని అక్క వాళ్ల జొన్న చేనుకు వెళ్లాను. మేనకోడలు సుగుణ మంచె మీద నిలబడి వడిసెలతో రాళ్లు విసురుతూ చిలుకలను తోలుతోంది. నా కథలోనూ అలాంటి పిల్లే. ఎక్కి పక్కన కూర్చుని చదివాను: ఆ పిల్ల మంచె మీద పడుకుని మబ్బుల్లో ఏనుగులను వెతుక్కుంటుంది.

సుగుణ వడిసెల దించింది.

"మామా, గా పిల్ల మబ్బులు చూసుకుంట పంటే చిలుకలు ఊకుంటయా? వాళ్లవ్వ వీపు పగలగొట్టదా?"

"కథ కదా బిడ్డా."

"కథల జొన్నలు గూడ తింటయి. అగో, నువ్వు సదువుతుంటే గా మూలకు దిగినయి! జల్ది ఒర్రు!"

ఇంట్లో మంచినీళ్లు కూడా గట్టిగా అడగని మనిషిని. లేచి అరిచాను. ఒక్క చిలుకా కదల్లేదు.

"గట్ల కాదు మామా, కడుపులకెంచి!"

మధ్యాహ్నం దాకా ఇద్దరం అరిచాం.

ఇంటికొచ్చి మొదటి పేజీ కొట్టేశాను. కథ ఇప్పుడు అరుపుతో మొదలవుతుంది. నా గొంతు మాత్రం పూర్తిగా పోయింది, ఆదివారం సుగుణే చదవాలి. గ్రంథాలయంలో అంటించిన ఈ గోడపత్రిక చదివేవాళ్లలో చిన్నప్పుడు మంచె ఎక్కినవాళ్లుంటే, ఏమని అరిచేవారో కింద రాసిపోండి. మబ్బుల సంగతి వద్దు.