గంపలోంచి ఏరిన కార్బురేటర్లు

మా మావయ్యగారికి దేవుడి తర్వాత అంత భక్తి ఆ మోటార్ సైకిలు మీదే. రెండు సిలిండర్ల పాత ఇంగ్లీషు బండి, పక్కన సైడ్‌కారు. మిషన్ ఆసుపత్రి దొరగారు స్వదేశం వెళ్ళిపోతూ దాన్ని ఆసుపత్రికి వదిలేస్తే, తోలే పని మావయ్యగారికి వచ్చింది. నేను అక్కడే నర్సుని. ఉయ్యూరు అవతల కాలవ దాటి ఉన్న ఊళ్ళలో కాన్పులకు ఆయన బండి తోలితే, నేను సైడ్‌కారులో సంచీ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేదాన్ని. డెబ్బైలలో ఆ దారుల్లో కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని తిరిగిన మావగారు ఇంకొకరు ఉంటారనుకోను. నవ్వేవాళ్ళు నవ్వారు, మేం పట్టించుకోలేదు.

తర్వాత్తర్వాత బండికి సత్తువ పోయింది. కాలవ గట్టు ఎక్కలేక సగంలో ఆగిపోయేది, పొలాల్లోంచి మనుషులు వచ్చి తోసేవాళ్ళు. ఒకసారి నొప్పులు పడుతున్న మనిషి సైడ్‌కారు దిగి గట్టు నడిచి ఎక్కాల్సి వచ్చింది. ఆ సంగతి ఆసుపత్రి కమిటీ దాకా వెళ్ళింది. వచ్చే మీటింగులోపు బాగుపడితే సరి, లేకపోతే పాత ఇనుముకి వేసేద్దామన్నారు పెద్దలు. బండి పోతే గట్టు అవతలికి నా ప్రయాణాలూ ఆగిపోతాయి. నొప్పులు మొదలయ్యాక ఎడ్లబండి కట్టుకుని బయల్దేరితే ఎంతమంది ఆసుపత్రి దాకా చేరతారో నాకు తెలుసు. మీటింగులో కూర్చునేవాళ్ళలో ఒక్కరూ కని ఎరగరు కదా అని ఒళ్ళు మండింది.

ఊళ్ళో మెకానిక్కు విప్పి చూసి రెండు కార్బురేటర్లూ అరిగిపోయాయన్నాడు. వాటి లోపల ఇత్తడి ముక్క ఒకటి పైకీ కిందికీ జారుతూ ఇంజనుకి గాలి వదులుతుంది. అది వదులైతే అక్కర్లేని గాలి దూరి ఇంజను బలం చస్తుంది. ఎందుకు అరిగిందో నేను చెప్పాను. ప్రతి శనివారం మావయ్యగారు చర్చిలో కానుకల పళ్ళెంతో పాటు ఆ ముక్కల్ని కూడా చింతపండూ ఇటుక పొడీ పెట్టి తళతళలాడేలా తోమేవారు. ఆయన ఒప్పుకోలేదు.

"శుభ్రం చేస్తే పాడవుద్దా అమ్మా ఎక్కడైనా?" అన్నారు.

ఇద్దరం బస్సులో బెజవాడ వెళ్ళి ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టు పట్టుకున్నాం.

"రెండెందుకండీ? కొత్తది ఒకటి పెట్టి రెండు వైపులకీ పైపు కలిపేద్దాం. రోడ్డు మీద హాయిగా తిరుగుద్ది," అన్నాడు కొట్టాయన.

"మాకు రోడ్డెక్కడుందండీ? గట్లు ఎక్కాలి," అన్నాను.

అప్పుడు పాతవాటి దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడి పద్ధతి ఏమిటంటే, వచ్చిన బండినల్లా విప్పేసి ఏ రకానికి ఆ రకం పోగు పెడతారు. కార్బురేటర్ల పై గుల్లలు ఒక కుప్ప, లోపలి ఇత్తడి ముక్కలన్నీ ఒక గంప. అడిగినవాడికి చేతికందిన ముక్క తీసి, మెరుగు పెట్టి, బిగించి ఇస్తారు. అలా తయారైన జత ఒకటి బల్ల మీద మెరుస్తోంది. మావయ్యగారి చెయ్యి తిన్నగా దాని మీదికే పోయింది.

"చూడమ్మా, పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి," అన్నారు మురిసిపోతూ.

తీసుకుని ఊపాను. లోపల ముక్క గలగలలాడింది.

అప్పట్లో మాకు గాజు సిరంజీలు. ఉడకబెట్టి తీశాక ఏ గొట్టంలో ఆ కడ్డీయే పెట్టాలి, మారితే మందు వెనక్కి కారుతుంది. రోజూ చేసే పని కాబట్టి సరైన జోడీ దొరికితే నా వేళ్ళకే తెలిసిపోయేది. వదులుగా ఊగకుండా, పట్టేయకుండా, నెమ్మదిగా జారాలి. స్టూలు లాక్కుని కూర్చుని, పళ్ళెంలో పెట్రోలు పోయించుకుని, గంపలో ముక్కలు ఒక్కొక్కటే కడిగి, కుప్పలోని గుల్లల్లోకి జారవిడిచి చూడడం మొదలుపెట్టాను.

మావయ్యగారు టీ తాగి వచ్చారు. మళ్ళీ వెళ్ళి వచ్చారు.

"ఇక్కడే కాపురం పెడతావా ఏంటమ్మా?" అన్నారు.

పొద్దు వాలేసరికి కుడివైపుదీ ఎడమవైపుదీ కుదిరాయి. పైన మాత్రం నల్లటి జిడ్డు.

"ఈ మసిబొగ్గుల కోసమా ఇంతసేపు?"

"ఇవేనండి మావయ్యగారూ."

కమిటీ వినేది మావయ్యగారి మాట, నా మాట కాదు. మెరిసేవి తీసుకుంటానంటే నేను చేయగలిగిందేమీ లేదు. ఆయన మెరిసే జతని బల్ల మీదే వదిలేసి, నల్లవి రుమాల్లో మూట కట్టారు. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

మెకానిక్కు వాటిని బిగించాక, మీటింగుకు ముందే ఓ మధ్యాహ్నం కాలవ అవతలి నుంచి కబురొచ్చింది. వెళ్ళి చూస్తే బిడ్డ అడ్డం తిరిగి ఉంది, ఆసుపత్రికి తీసుకురాక తప్పదు. ఆమెను సైడ్‌కారులో పడుకోబెట్టాక నాకు చోటు లేదు.

"వెనకెక్కమ్మా," అన్నారు మావయ్యగారు. ఊరంతా చూస్తుండగా ఎక్కి కూర్చున్నాను.

తిరుగుదారిలో ముగ్గురి బరువు చూసి, గట్టు దగ్గర అలవాటు కొద్దీ నలుగురు పంచెలు ఎగ్గట్టి తోయడానికి నిలబడ్డారు. మావయ్యగారు వేగం తగ్గించలేదు. ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. తోయడానికి వచ్చినవాళ్ళు ఖాళీ చేతులతో మా వెనక చూస్తూ ఉండిపోయారు.

"ఎక్కేశామా?" అని సైడ్‌కారులోంచి ఆమె అడిగింది.

తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. బండి అమ్మేద్దామన్న కమిటీ పెద్దాయన ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు. ఇక ఆ మాట ఎత్తనని ఆయనే అన్నాడు. మావయ్యగారి గొంతు కిటికీలోంచి వినబడింది.

"నేను తోలానండీ, అంతే. ఆ జత ఏరింది మా కోడలు."

లోపల చేతులు కడుక్కుంటున్నాను. ఇంకోసారి అంటారేమోనని కుళాయి కట్టేసి నిలబడ్డాను. అన్నారు.