ఘుబ్రాలో గాడిదల గొడవ

నా చిన్నప్పుడు మేం మస్కట్‌లో, ఘుబ్రాలో అద్దెకుండేవాళ్లం. మా నాన్నను నేను అబ్బాజాన్ అని పిలిచేదాన్ని. కడప నుంచి వెళ్లి, ఆ పక్కనే ఉన్న ఘాలాలో ఒక గ్యారేజీలో మెకానిక్‌గా చేసేవారు. తొంభైలు అప్పుడే మొదలయ్యాయి. బరువులు మోయడానికి ఊరూరా పికప్పు వ్యాన్లు రావడంతో, పనిలేని గాడిదలను జనం వదిలేశారు. అవి గుంపుగా మా బిల్డింగు దగ్గరికొచ్చి చెత్త డ్రమ్ములు దొర్లించి, దొరికింది తిని పోయేవి. వాటిని పట్టించేయాలని కొందరు, పాపం పోనిమ్మని కొందరు ఎప్పుడూ వాదులాడుకునేవాళ్లు.

ఒక సాయంత్రం డ్రమ్ముల దగ్గర ఆడుకుంటున్న మా తమ్ముణ్ణి ఒక గాడిద తన్నింది. మోకాలి కింద చీరుకుపోయి నెత్తురు కారింది. అబ్బాజాన్ వాణ్ణి ఎత్తుకుని ఇంట్లోకి పరిగెత్తి కట్టు కట్టారు.

మర్నాడు శుక్రవారం, సెలవు. అందరూ కింద పోగయ్యారు. రొట్టెల్లో విషం పెడితే పీడ విరగడవుతుందని పై అంతస్తు అంకుల్ అన్నారు. "నేనే తెస్తా" అన్నారు అబ్బాజాన్. చీమను కూడా చూసుకుని నడిచే మనిషి నోట ఆ మాట విని నాకు భయమేసింది.

గాడిదలకు మిగిలిన రొట్టెలు వేసేది మా పక్కింటి ఆంటీ అని అందరికీ తెలుసు. కాకినాడ వైపు నుంచి వచ్చిన నర్సు ఆవిడ. అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ నేరుగా వచ్చి మా తమ్ముడి ముందు కూర్చుని, కట్టు విప్పి, గాయం కడిగి మళ్లీ కట్టింది. తర్వాతే తలెత్తింది.

"తప్పు నాదే అన్నయ్యగారూ. ఇక్కడికి రావడం వాటికి మప్పింది నేనే. విషం మాత్రం వద్దండి. నేనే దూరం తీసుకుపోతాను."

"గాడిదలు నీ మాట వింటాయా సిస్టర్?" అన్నారు అబ్బాజాన్, కోపం తగ్గక.

"రొట్టె మాట వింటాయండి."

ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే ముందు మా ఇంటికొచ్చి తమ్ముడి కట్టు మార్చేది. ఆ తర్వాత రొట్టెల సంచీతో ఇళ్ల వెనకున్న ఎండిపోయిన వాగు వైపు నడిచేది. వెనకాలే గాడిదలు. అబ్బాజాన్ బాల్కనీలోంచి చూసేవారు కానీ ఆవిడతో మాట్లాడేవారు కాదు.

తమ్ముడు మళ్లీ పరుగులు మొదలుపెట్టాక, ఒక సాయంత్రం అబ్బాజాన్ గ్యారేజీ పికప్పు తీసి ఆవిడ పక్కన ఆపారు. నేనూ వెంట ఉన్నాను.

"ఈ ఎండలో యాడికి నడుస్తావమ్మా? ఎక్కు."

వాగులో తమ్ముణ్ణి తన్నిన గాడిద కనిపించింది. దాని పొట్టకు ఆనుకుని ఒక చిన్న గాడిదపిల్ల.

"ఆ రోజు ఈ పిల్ల డ్రమ్ముల వెనక ఇరుక్కుందండి. బాబు పరిగెత్తుకెళ్లేసరికి తల్లి బెదిరింది. కిటికీలోంచి చూశాను," అంది ఆంటీ.

"ఆ పొద్దే చెప్పుండొచ్చు కదమ్మా!"

"బాబు కాలు మానకుండా మీకెలా చెప్పనండీ?"

అబ్బాజాన్ బండి దగ్గరికి వెళ్లారు. బండిలోని క్యాను దించి, ఒక తొట్టిలో నీళ్లు పోసి, గాడిదలు తాగేదాకా అక్కడే నిలబడ్డారు. ఆ వారమే చెత్త డ్రమ్ములకు ఇనుప మూతలు వెల్డింగ్ చేయించి తెచ్చారు.

ఇప్పుడు కడపలో మా వీధిలో పందుల గొడవ. వాటినేం చేయాలో తేల్చడానికి మొన్న అందరం కూర్చున్నప్పుడు, పంది తోసేస్తే చెయ్యి విరిగిన మనవణ్ణి చూపించి ఒకావిడ ఏడుస్తోంది. పందుల తరఫున నా దగ్గర చెప్పడానికి చాలా న్యాయం ఉంది. అదంతా తర్వాత చెప్పవచ్చనుకుని, వెళ్లి ఆ పిల్లవాడి పక్కన కూర్చున్నాను.